నలభై రోజుల కట్టు

నాగరత్నం జీవితంలో రెండు పెద్ద అబద్ధాలు ఆడింది. రెండూ ఎడమ కాలి గురించే.

మొదటిది ఆడినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు. రెండోదాన్ని సంతకంతో ఖాయం చేసింది ఈ శనివారం ఉదయం పదకొండున్నరకి, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో వేసిన షామియానా కింద, ఆరో నంబరు కౌంటరు ముందు.

కౌంటర్లో కూర్చున్న అమ్మాయి ఒక కాగితం ముందుకు తోసింది. అడుగున ఒకే ఒక్క ప్రశ్న. గత మూడు నెలల్లో గాయం ఏమైనా అయిందా? పక్కన రెండు గడులు. అవును. లేదు.

నాగరత్నం పెన్ను గాల్లో ఆగిపోయింది.

"ఏందే, పరీక్ష రాస్తున్నవా? జల్ది కానియ్యి. ఎనక లైను సూడు," అంది పక్కనున్న భాగ్య.

నాగరత్నం 'లేదు' మీద టిక్కు పెట్టింది. సంతకం చేసింది. చెయ్యి వణికింది కానీ సంతకం బాగానే వచ్చింది. బీమా ఆఫీసులో ఇరవై ఆరేళ్ల ఉద్యోగం. ఆ చెయ్యి ఎన్ని వణుకుల్లోనైనా సంతకం పెట్టగలదు.

కౌంటరు అమ్మాయి ఇద్దరికీ చెరో సంచీ ఇచ్చింది. అందులో ఒక టీషర్టు, నాలుగు పిన్నీసులు, గుండెల మీద పెట్టుకునే నంబరు. భాగ్యది 4417. నాగరత్నానిది 4418.

రేపు ఉదయం ఐదున్నరకి ఇక్కడి నుంచే పరుగు. ఇరవై ఒక్క కిలోమీటర్లు. నాంపల్లి, లక్డీకాపూల్, ట్యాంక్‌బండ్, హిమాయత్‌నగర్, ఆబిడ్స్, మళ్లీ నాంపల్లి. అదొక రౌండు. అలాంటివి రెండు.

నాగరత్నానికి యాభై ఏళ్లు. భాగ్యకీ అంతే. ఇద్దరూ ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. స్కూలయ్యాక ఎవరి దారి వాళ్లది. నాలుగేళ్ల క్రితం నాగరత్నం ఒక చీరకి ఫాలు కుట్టించడానికి సుల్తాన్ బజార్‌లో ఒక ఇరుకు దుకాణం ముందు నిలబడితే, కుట్టు మిషను వెనక నుంచి ఒక తల లేచింది. "నువ్వు బుచ్చిబాబు సార్ బిడ్డవు గాదూ?" అంది ఆ తల. ఆ మర్నాటి నుంచి ఇద్దరూ పబ్లిక్ గార్డెన్స్‌లో నడక మొదలుపెట్టారు. నడక మెల్లగా పరుగైంది. పరుగు మెల్లగా పిచ్చి అయింది.

ఈ పోటీకి పేర్లు ఇచ్చిన రోజు భాగ్య ఒక ఒట్టు పెట్టించింది.

"ఆఖరి గీత ఇద్దరం చెయ్యి చెయ్యి పట్టుకొని దాటాలె. ఒకళ్లు ఆగితే ఇంకొకళ్లు గుడ ఆగాలె. మంజూరేనా?"

"మంజూరే," అంది నాగరత్నం. అప్పటికి ఆమె కాలు బాగానే ఉంది.

పదహారు వారాల శిక్షణ. తొమ్మిదో వారంలో, గార్డెన్స్ గేటు దాటుతుండగా, ఎడమ మోకాలి బయటివైపు సూది గుచ్చినట్టయింది. మర్నాడు మెట్లు దిగడం కష్టమైంది. ఐదు వారాలు పరుగు బంద్. తర్వాత మళ్లీ మొదలుపెట్టినా పదమూడు కిలోమీటర్లు దాటింది లేదు.

హిమాయత్‌నగర్‌లో ఉండే ఫిజియోథెరపిస్టు దివ్యశ్రీ ప్రతి గురువారం ఒకే ప్రశ్న వేసేది. "మేడమ్, నొప్పి పదికి ఎంత? సున్నా అంటే ఏమీ లేదు. పది అంటే అంబులెన్సు పిలవాలి."

చివరి గురువారం ఆమె లెక్క తేల్చి చెప్పింది. మూడులోపు ఉంటే పూర్తిగా పరిగెత్తవచ్చు. నాలుగో ఐదో అయితే కొంత పరుగు, కొంత నడకతో ఒక్క రౌండు. ఆరు అయితే ఇంట్లో కూర్చుని టీవీలో చూసుకోవాలి.

"ఇప్పుడు చెప్పండి. ఎంత?"

"రెండు," అంది నాగరత్నం.

ఐదు.

అది యంత్రం చూపించే సంఖ్య కాదు. ఎక్స్‌రేలో కనబడదు. నాగరత్నం నోటి నుంచి రావాల్సిందే. ఈ ప్రపంచంలో ఆ సంఖ్య తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

మూడు రోజులుగా ఆమెకు అన్నం సహించడం లేదు. కారణం మోకాలు కాదు. రేపు పన్నెండో కిలోమీటరు దగ్గరో, పద్నాలుగో కిలోమీటరు దగ్గరో తను కూలబడుతుంది. ఒట్టు ప్రకారం భాగ్య కూడా ఆగిపోతుంది.

తన వల్ల భాగ్య పరుగు ఆగిపోవడం అది రెండోసారి అవుతుంది.

* * *

"నడుద్దాం పా. ఒంటి గంటకు దుకాణం తెరవాలె," అంది భాగ్య సంచీ భుజానికి తగిలించుకుంటూ. "ఆటో వద్దు. రేపు ఉరికే తొవ్వే గదా, ఒకసారి చూసుకుంట పోదాం."

స్టేషన్ రోడ్డు మీద శనివారం రద్దీ. మెట్రో స్తంభాల నీడలో సీతాఫలాల గంపలు వరసగా ఉన్నాయి. భాగ్య తల్లి జంగమ్మ ఒకప్పుడు ఇక్కడే కూర్చునేది. స్టేషన్లోంచి బయటికొచ్చే ప్రతి మనిషి మొహం చూసి, వాడికి పండు కావాలో కాయ కావాలో చెప్పేసేది. ఇప్పుడు ఆమెకు ఎనభై. ఇంట్లో కూర్చుని, టీవీలో కనబడే ప్రతి మనిషి గురించీ అదే మాట చెబుతోంది.

నాగరత్నం జాగ్రత్తగా నడుస్తోంది. ఎడమ పాదం మీద బరువు తక్కువ వేస్తూ, అది కనబడకుండా సంచీ ఎడమ చేతిలోకి మార్చుకుంటూ.

"గీడ యాదికుందా?" భాగ్య ఒక సందు మొదట్లో ఆగింది.

మొబైల్ ఫోన్ల కవర్లు అమ్మే దుకాణం. రంగురంగుల కవర్లు తోరణాల్లా వేలాడుతున్నాయి. నాగరత్నానికి ఆ చోటు గుర్తుపట్టడానికి రెండు క్షణాలు పట్టింది. గుర్తుపట్టాక అక్కడ ఆగాలనిపించలేదు.

"మొగులయ్య పహిల్వాన్ తాలీంఖానా," అంది మెల్లగా. ఒకప్పుడు కుస్తీ నేర్పే చోటు, విరిగిన ఎముకలకు కట్లు కట్టే చోటు కూడా.

"నీ కట్టు గీడనే కట్టిన్రు. నలభై దినాలు. యాభై గుడ్లు పగలగొట్టి ఉంటడు నీ కాలికి!"

నాగరత్నం నవ్వింది. నవ్వాలి కాబట్టి.

ఆ రోజు ఆమె కళ్ల ముందుకొచ్చింది. పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది, నవంబరు. ఫతే మైదాన్‌లో స్కూళ్ల మధ్య రిలే పరుగు. నలుగురు అమ్మాయిలు, తలా నాలుగు వందల మీటర్లు. మూడో అమ్మాయి నాగరత్నం. నాలుగో అమ్మాయి భాగ్య. గెలిచిన జట్టులోంచి ఒకరిని రాష్ట్ర శిక్షణ శిబిరానికి తీసుకుంటారని, అది భాగ్యే అవుతుందని డ్రిల్లు మాస్టారు వామన్‌రావు ముందే చెప్పాడు.

కర్ర నాగరత్నం చేతికి వచ్చేసరికి జట్టు ముందుంది. పదిహేను అడుగులు ముందుంది. మూడు వందల మీటర్లు అలాగే పరిగెత్తింది. ఆఖరి మలుపులో వెనక అడుగుల చప్పుడు వినబడింది. దగ్గరవుతోంది. ఎదురుగా, చెయ్యి వెనక్కి చాచి, మెడ తిప్పి తననే చూస్తున్న భాగ్య.

దాటేస్తుంది, అనుకుంది నాగరత్నం. వెనకున్న ఆ పిల్ల నన్ను దాటేస్తుంది. నా వల్ల ఓడిపోయామని అందరూ అంటారు.

అంతే. ఎడమ కాలు పట్టుకుని ట్రాకు మీద కూర్చుండిపోయింది.

కాలికి ఏమీ కాలేదు.

నాన్న బుచ్చిబాబు ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో సార్టింగ్ గుమాస్తా. కబురందగానే సైకిలేసుకుని వచ్చాడు. కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని తిన్నగా మొగులయ్య పహిల్వాన్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ రోజుల్లో నాంపల్లి చుట్టుపక్కల ఎవరి చెయ్యి బెణికినా, కాలు విరిగినా దవాఖాన తర్వాతి మాట. ముందు పహిల్వానే.

మొగులయ్య ఆమె కాలిని మడమ నుంచి తొడ దాకా వేళ్లతో నొక్కుతూ వచ్చాడు. ఎక్కడ నొక్కినా "అబ్బా" అంది నాగరత్నం. నిజంగా దెబ్బ తగిలితే అరవవలసిన ఒక్క చోట మాత్రం అనలేదు. అతని వేళ్లు ఆగాయి. ఆమె మొహం చూశాడు. తలుపు దగ్గర చెమటలు కారుతూ నిలబడ్డ నాన్న మొహం చూశాడు.

"కట్టు గట్టాలె. నలభై దినాలు," అన్నాడు.

కోడిగుడ్ల తెల్లసొనలో ఏదో పొడి కలిపాడు. దూదికి పట్టించి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డ చుట్టాడు. ఎండేకొద్దీ అది రాయిలా బిగుసుకుంది. వారానికోసారి విప్పి మళ్లీ కట్టేవాడు. రెండోసారి కట్టేటప్పుడు, నాన్న బయట సైకిలు స్టాండు వేస్తుంటే, తల ఎత్తకుండానే అన్నాడు.

"కాలుకేం గాలే బిడ్డా. భయం పట్టింది. దానికి గుడ నలభై దినాలు పడ్తది."

ఆ మాట ఆయన ఇంకెవరికీ చెప్పలేదు.

నలభై రోజులు నాన్న ఆమెను సైకిలు మీద స్కూలుకి మోసుకెళ్లాడు. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఎత్తు వస్తే దిగి నెట్టుకుంటూ నడిచేవాడు. "అమ్మాయ్, కాలు ఊపకు. చక్రంలో పడుతుంది," అనేవాడు ఆయాసపడుతూ. సాయంత్రం స్కూలు వదిలాక పోస్టాఫీసుకి తీసుకొచ్చి, సార్టింగ్ హాల్లో ఒక గోనెసంచుల గుట్ట మీద కూర్చోబెట్టేవాడు. ఎదురుగా గోడంతా చిన్న చిన్న గూళ్లు. నాన్న ఉత్తరం మీద పేరు ఒక్క చూపు చూసి, అటు తిరక్కుండానే విసిరేవాడు. ఏలూరు. సామర్లకోట. ఒంగోలు. ఒక్క ఉత్తరమైనా గూడు తప్పేది కాదు. జిగురు వాసన, లక్క వాసన, ముద్రలు కొట్టే చప్పుడు. మధ్యమధ్యలో నాన్న వెనక్కి తిరిగి చూసేవాడు. "నొప్పిగా ఉందా?"

"కొంచెం," అనేది నాగరత్నం.

ఇంట్లో ముగ్గురు పిల్లల్లో ఆమె మధ్యది. నాన్న ఆమె వైపు అన్నిసార్లు తిరిగి చూడటం అంతకు ముందు లేదు. ఆ తర్వాతా లేదు. ఆమెకు తెలిసినంతలో అంత మంచి రోజులు మళ్లీ రాలేదు. అందుకే అబద్ధం చెప్పానని ఎప్పుడూ చెప్పలేకపోయింది. నాన్న పోయి పదకొండేళ్లయింది.

* * *

ఆబిడ్స్ పోస్టాఫీసు దగ్గరికి వచ్చేసరికి మోకాలు మొరాయించింది. పేవ్‌మెంట్ అంచు ఎక్కబోతూ నాగరత్నం గోడ పట్టుకుంది.

భాగ్య చూసింది. "కూసో," అంది. పోస్టాఫీసు మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. లోపల కౌంటర్ల దగ్గర పది మంది కూడా లేరు. ఒకప్పుడు ఈ మెట్ల మీద పోస్టుకార్డులు రాసిపెట్టేవాళ్లు వరసగా కూర్చునేవారు. ఎదురుగా సినిమాహాలు ఉన్న చోట ఇప్పుడు అద్దాల గోడలతో చీరల మాల్.

"భాగ్యా, నీకొకటి చెప్పాలి."

"చెప్పు. రేపు రానని మాత్రం అనకు."

"మోకాలి నొప్పి నీకు చెప్పినట్టు రెండు కాదు. ఐదు."

భాగ్యకి అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. "మరి గా పిల్ల ముంగట లేదని టిక్కు కొట్టినవ్?"

"కొట్టాను."

"దివ్యశ్రీకి?"

"ఆమెకీ రెండనే చెప్పాను."

"నీ మొండితనం పాడుగాను!" భాగ్య తల పట్టుకుంది. తర్వాత ఆమె మొహంలో కోపం కరిగిపోయింది. "నువ్వు మొదటి సంది గంతే. ఫతే మైదాన్ల గుడ గట్లనే జేసినవ్. కాలిరిగినా చెప్పకుంట మూడొందల మీటర్లు ఉరికినవ్. నా గిరాకీలందరికీ చెప్త తెల్సా? మిషన్ల బాబిన్ నిండేలోపు గా కథ మొత్తం అయిపోతది."

నాగరత్నం మెట్టు మీది దుమ్ములో వేలితో గీత గీసింది.

"సరే, ఫికర్ జెయ్యకు," అంది భాగ్య. సంచీ ఒళ్లోకి తీసుకుని, నంబరు కాగితం లోపలికి మడిచి పెట్టేసింది. "ఇద్దరం మానేద్దాం. వచ్చే ఏడు సూద్దాం."

"నువ్వెందుకు మానడం?"

"ఒట్టు పెట్టిన గదా."

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టవే. నువ్వు శిక్షణలో పద్దెనిమిది కిలోమీటర్ల దాకా పరిగెత్తావు. నీకేం నొప్పి లేదు."

"గా రోజు నువ్వు ఇరిగిన కాలుతోని మా కోసం ఉరికినవ్. గిప్పుడు నేను నిన్ను ఇడిసిపెట్టి ఎట్ల ఉర్కుత? నాకు ఇజ్జత్ లేదా?"

నాగరత్నం రోడ్డు వైపు చూసింది. సిటీ బస్సొకటి కోఠీ వైపు తిరిగింది. అది తిరిగేదాకా ఆగింది. ఇప్పుడు నోరు మూసుకుంటే రేపు ఇద్దరూ ఇంట్లో కూర్చుంటారు. భాగ్య ఆ కథ ఇంకో పాతికేళ్లు చెబుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

"ఆ రోజు నా కాలు విరగలేదు," అంది.

"బెణికింది. ఏదైతేంది?"

"బెణకలేదు కూడా. ఏమీ కాలేదు. వెనక ఆ పిల్ల వచ్చేస్తోందని భయమేసింది. కూర్చున్నాను."

భాగ్య ఒళ్లోని సంచీ తీసి మెట్టు మీద పెట్టింది.

"మరి కట్టు?"

"ఊరికే."

"నలభై దినాలా?"

"నలభై రోజులు."

"మా అమ్మ," అని ఆగింది భాగ్య. "మా అమ్మ గంపలకెళ్లి మంచి పండ్లు ఏరి పంపింది నీకు. గిరాకీలకు మచ్చలున్నయి అంటగట్టి, నీకు మంచియి పంపింది. సీతాఫలాలు అయిపోతే జామకాయలు పంపింది."

"తెలుసు."

"తిన్నవ్."

"తిన్నాను."

"గింజలు నా మీదకు ఊంచుకుంట తిన్నవ్! మంచం మీద రాణి లెక్క కూసోని! నేను నీ హోంవర్కు రాసిన."

"రాశావు. లెక్కలన్నీ తప్పు రాశావు."

భాగ్య పెదవి ఒక్కసారి అదిరింది. నవ్వు రాబోయి, రాకుండానే పోయింది.

"గా క్యాంపుకు నేను పోయేదాన్ని," అంది.

"తెలుసు."

"ఏం తెల్సు నీకు? పెట్టెల బట్టలు సదురుకున్న. మా అమ్మ కొత్త చెప్పులు కొనుక్కొచ్చింది. గెలవలేదని చెప్తే, పాపం ఆ పిల్ల కాలిరిగిందట, నీకేం పోయింది అని నన్నే తిట్టింది."

ఆమె లేచింది. సంచీ చంకలో పెట్టుకుంది. సుల్తాన్ బజార్ వైపు నడిచింది. నాగరత్నం పిలిచింది. రెండుసార్లు పిలిచింది. భాగ్య జనంలో కలిసిపోయింది. వేగంగా నడిచే మనిషి. ఎప్పుడూ అంతే.

* * *

నాగరత్నం అక్కడే కూర్చుని దివ్యశ్రీకి ఫోన్ చేసింది.

"ఐదు," అంది, హలో కూడా అనకుండా.

"ఏంటి మేడమ్?"

"నొప్పి. పదికి ఐదు. రెండని అబద్ధం చెప్పాను."

అవతల నిట్టూర్పు వినబడింది. "నాకు ప్రతి పోటీ ముందు ఇలాంటి ఫోన్లు నాలుగు వస్తాయి. అందరూ పెద్దవాళ్లే చేస్తారు. పిల్లలు చెయ్యరు. వినండి. ఈ పూట గంటకోసారి ఐసు పెట్టండి. రేపు పొద్దున ఆరు ఉంటే వెళ్లొద్దు. నాలుగో ఐదో అయితే ఒక్క రౌండు. రెండో రౌండు మొదలుపెట్టారని తెలిస్తే మాత్రం నా క్లినిక్ మెట్లు ఎక్కకండి. ఎక్కలేరు కూడా."

ఇంటికెళ్లి ఐసు పెట్టుకుంది. టీషర్టు మీద నంబరు పిన్నీసులతో పెట్టింది. వంకరగా ఉందని తీసింది. మళ్లీ పెట్టింది. బాత్రూముకి నాలుగుసార్లు వెళ్లింది. షూ లేసులు విప్పి, అన్నీ మళ్లీ ఎక్కించింది. ఆమె వాలకం చూసి భర్త టీవీ గొంతు తగ్గించాడు. "నీకు పెళ్లిచూపులప్పుడు కూడా ఇంత కంగారు లేదు," అన్నాడు.

"అప్పుడు పరిగెత్తే అవకాశం ఇవ్వలేదుగా," అంది నాగరత్నం.

సాయంత్రం భాగ్యకి మెసేజ్ పెట్టింది. 'రేపు నేను ఒక్క రౌండే. నువ్వు ఆగొద్దు. ఒట్టు నేను తీసేస్తున్నాను. నువ్వు రా.'

చదివినట్టు రెండు నీలం గీతలు వచ్చాయి. జవాబు రాలేదు.

* * *

ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ జాతరలా ఉంది. స్పీకర్లో పాటలు. నొప్పి మందు స్ప్రేల ఘాటు. వేలమంది ఒకేసారి ఒంటికాలి మీద నిలబడి తొడలు సాగదీస్తున్నారు. నాగరత్నం గుంపు చివర నిలబడి ప్రతి మొహం చూస్తోంది. ఎడమ కాలి మీద ఎగిరి నొప్పి చూసుకుంది. నాలుగు. నిజంగా నాలుగే. తనను తాను మూడుసార్లు అడిగింది.

ఐదూ ఇరవై. భాగ్య లేదు.

రాదు, అనుకుంది. ముప్పై ఆరేళ్ల క్రితం ఒకసారి ఆపాను, మళ్లీ ఇప్పుడు ఆపాను. ఒకసారి అబద్ధం చెప్పి, ఒకసారి నిజం చెప్పి.

"జరుగు. తొవ్వల నిలబడ్డవ్."

భాగ్య. జుట్టు బిగించి ముడి వేసింది. గుండెల మీద 4417. నాగరత్నం మొహం చూడకుండా పక్కన నిలబడి మడమలు తిప్పుతోంది.

"ఎంతుంది?"

"నాలుగు."

"ఒట్టు?"

"ఒట్టు వద్దులేవే ఇంక. నిజం."

"నేను ఆగను."

"ఆగొద్దు."

"చెయ్యి గుడ పట్టుకోను."

"పట్టుకోవద్దు."

"అమ్మకు చెప్పిన."

నాగరత్నం చప్పున తిరిగింది. "ఏమంది?"

"నవ్వింది. దవడ పట్టేసేదాక నవ్వింది ముసల్ది. గా పిల్ల మస్తు హుషారు, నువ్వే పిచ్చిదానివి అన్నది." భాగ్య మొదటిసారి ఆమె వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాకైతే నవ్వు రాలే. ఇంకొన్ని దినాలు రాదు. చెప్తున్న."

"సరే."

"ఎన్ని దినాలో నాకెర్కలే."

"సరేనే."

విజిల్ మోగింది. గుంపు కదిలింది. భాగ్య ముందుకు దూసుకుపోయింది. నాలుగు నిమిషాల్లో ఆమె ముడి జనంలో కనబడకుండా పోయింది.

నాగరత్నం ఐదు నిమిషాలు పరిగెత్తి రెండు నిమిషాలు నడిచింది. మళ్లీ ఐదు. మళ్లీ రెండు. అందరూ ఆమెను దాటిపోయారు. కాలేజీ కుర్రాళ్లు, చీర కట్టుకున్న ఒకావిడ, కర్ర పట్టుకున్న ఒక పెద్దాయన. ప్రతిసారీ వెనక నుంచి అడుగుల చప్పుడు వచ్చేది, పక్కకొచ్చేది, ముందుకు పోయేది. అంతే. దాటిపోయాక ఏమీ జరిగేది కాదు. వెలుతురు వచ్చేసరికి ట్యాంక్‌బండ్ దాటింది. హిమాయత్‌నగర్‌లో పాలబూత్ ముందు నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆబిడ్స్‌లోకి దిగేసరికి రోడ్డు ఖాళీగా ఉంది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఇంత ఖాళీ ఆబిడ్స్ ఆమె చిన్నప్పుడు ఆదివారాలు చూసింది. నాన్న సైకిలు చక్రం చప్పుడు వినబడేంత నిశ్శబ్దం.

మొదటి రౌండు చివర నాంపల్లిలో రోడ్డు రెండుగా చీలింది. ఎడమకి వెళితే రెండో రౌండు. కుడికి వెళితే బయటికి.

ఆమె మోకాలు పదికి మూడు. వేడెక్కాక నొప్పి తగ్గింది.

మూడు అంటే పూర్తి పరుగు. దివ్యశ్రీ మాటే అది. ఒళ్లంతా ముందుకు లాగుతోంది. "మేడమ్, లెఫ్ట్, లెఫ్ట్! సూపర్ మేడమ్!" అని జెండా ఊపుతున్నాడు ఒక వాలంటీరు.

వేడి మీద ఉన్న మూడు. గంట తర్వాత అదే ఏడు. అది కూడా ఆమెకే తెలుసు.

నాగరత్నం కుడికి తిరిగింది. "మేడమ్, మీ నంబరు హాఫ్ మారథాన్‌ది, ఇటు!" అని వాడు అరిచాడు.

"నాదింతే బాబూ," అంది. ఆ రెండు మాటలు అనడానికి ఇరవై ఒక్క కిలోమీటర్లంత బలం కావాల్సొచ్చింది. పిన్నీసులు తీసి, గుండెల మీది నంబరు మడిచి జేబులో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. చెమటలో ఎవరికీ తెలియదు.

నిదానంగా వెనక్కి ఆబిడ్స్ దాకా నడిచింది. భాగ్యకి అక్కడికి పంతొమ్మిది కిలోమీటర్లు అవుతుంది. అక్కడ కాళ్లు అందరినీ మోసం చేస్తాయని పాత పరుగుగాళ్లు చెబుతుంటారు.

గంట గడిచింది. ఎండ ఎక్కింది. పరుగువాళ్లు పలచబడ్డారు. ఎనిమిది దాటాక మలుపులో భాగ్య కనబడింది.

ఒక పక్కకి ఒరిగిపోయి వస్తోంది. నోరు తెరుచుకుంది. టీషర్టు ఒంటికి అతుక్కుపోయింది. నాగరత్నాన్ని చూసింది. వేగం తగ్గించింది. ఇంకా తగ్గించింది. ఎదురుగా వచ్చి నిలబడిపోయింది.

"ఆగకే!" నాగరత్నం గొంతు చీరుకుపోయేలా అరిచింది. "నా కోసం ఆగొద్దన్నానా! ఉరుకు!"

"నీ కోసం ఎవరాగిన్రే?" భాగ్య రొప్పుతూ కాలు ముందుకు చాపింది. "లేసు ఊడింది. వంగితే లేవను."

నాగరత్నం రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుంది. లేసు రెండు ముళ్లు వేసి బిగించింది. ఎడమ మోకాలు భగ్గుమంది. భాగ్య పట్టు కోసం ఆమె తల మీద చెయ్యి ఆనించింది. ఆ చెయ్యి వేడిగా ఉంది, బరువంతా వేసింది.

"గట్టిగ కట్టినవా?"

"కట్టాను. పో!"

భాగ్య పోయింది. మొదట కుంటుతూ, తర్వాత అడుగు కుదురుకుని, మొజంజాహీ మార్కెట్ వైపు. ఇంకా రెండు కిలోమీటర్లు. వెనక్కి చూడలేదు.

నాగరత్నం వెంటనే లేవలేకపోయింది. రోడ్డు మధ్య అలాగే మోకాళ్ల మీద ఉండి చూసింది. ఆఖరి వాళ్లలో కొందరు ఆమె పక్క నుంచి చీలి ముందుకు పోతున్నారు. "అమ్మా, లేవగలరా?" అని ఎవరో ఆగి అడిగారు.

"లేస్తానండీ, మీరు కానివ్వండి," అంది, కళ్లు మలుపు మీద నుంచి తిప్పకుండా. "మా జట్టు అమ్మాయి వెళుతోంది."